మావయ్యొస్తే ఫౌంటెన్ ఆపెయ్యండి

"బాబాయా, మావయ్యా?"

చీకట్లో పక్క కుర్చీలోంచి మా మిత్రుడు అడిగిన ప్రశ్న. 1986లోనో 87లోనో హైదరాబాదులో ఓ ఫిలిం క్లబ్బు వాళ్లు వేసిన ఆట అది. తెర మీద ఓ పాత గోడ, దాని మీద బడిపిల్లలు సుద్దముక్కతో గీకినట్టు ఫ్రెంచిలో 'మోన్ ఓంక్ల్' అని పేరు. చేతిలో ఉన్న కరపత్రంలో 'మై అంకుల్' అని ఇంగ్లీషు. మా వాడికి బొమ్మ మొదలయ్యేలోపే చుట్టరికం తేలిపోవాలి. పెళ్లిలో తెలియని మొహం కనబడితే భోజనం కన్నా ముందు ఇంటిపేరు కనుక్కునే రకం.

ఫ్రెంచివాడికి ఆ బాధ లేదు. నాన్న అన్న, నాన్న తమ్ముడు, అమ్మ తోడబుట్టినవాడు, మేనత్త మొగుడు, అందరూ ఒకటే 'ఓంక్ల్'. మనకలా కుదరదు. నాన్న తోడబుట్టినవాణ్ణి పిలవాలంటే ఎవరు ముందు పుట్టారో తెలియాలి. పెద్దయితే పెదనాన్న, చిన్నయితే బాబాయి. అమ్మ తోడబుట్టినవాడు మాత్రం అమ్మకి అన్నయినా తమ్ముడయినా మావయ్యే. ఆయన దగ్గరికొచ్చేసరికి మన భాష వయసు లెక్కలన్నీ కట్టిపెట్టి చాప వేసి కూర్చోబెట్టింది.

పావుగంటో ఇరవై నిమిషాలో గడిచాక తెరమీద సంగతి బయటపడింది. ఆ పొడుగాటి మనిషి ఇంటావిడ తోడబుట్టినవాడు. "అలా చెప్పు! మేనమామ!" అన్నాడు మావాడు పైకే. ముందు వరుసలో ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు. మావాడు అప్పటికే కుర్చీలో వెనక్కి వాలి, కాళ్లు చాపుకుని, ఇక అంతా తెలిసిన కథే అన్నట్టు కూర్చున్నాడు.

చాలావరకు తెలిసిన కథే. రాడ్‌క్లిఫ్ బ్రౌన్ అనే మానవశాస్త్రజ్ఞుడు దక్షిణాఫ్రికా తెగల మేనమామల మీద 1924లో ఓ వ్యాసం అచ్చువేశాడు. తండ్రి వైపు వాళ్ల దగ్గర భయభక్తులు, తల్లి తోడబుట్టినవాడి దగ్గర చనువు, ఆయన వస్తువు అడక్కుండా ఎత్తుకుపోయినా మేనల్లుడికి చెల్లుబాటు కావడం, ఇవీ అందులోని విశేషాలు. మా కృష్ణా జిల్లాలో ఇది ఎవర్నడిగినా చెబుతారు, దక్షిణాఫ్రికా దాకా పోనక్కర్లేదు. కానీ పారిస్ పొలిమేరల్లో, 1958లో, ప్లాస్టిక్ గొట్టాల ఫ్యాక్టరీ పెద్దమనిషి ఇంట్లో కూడా మేనమామ సంగతి ఇదేనని ఆ బొమ్మ తీసిన జాక్ తాతి చూపించాడు. నేను ఆ సినిమాని ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. చూసిన ప్రతిసారీ నాకు గుర్తుకొచ్చేది మా అమ్మా, బెజవాడలో మా అద్దింటి ముందుగదీ.

కథ అని చెప్పుకోవడానికి పెద్దగా ఏం లేదు. ఆర్పెల్ దంపతులు కొత్త మోస్తరు ఇల్లు కట్టుకున్నారు. అంతా తెలుపు, అంతా చతురస్రం, కూర్చుంటే నడుం పట్టే కుర్చీలు, మీట నొక్కితే పనిచేసే వంటిల్లు. వాళ్ల తొమ్మిదేళ్ల కొడుకు జెరార్‌కి ఆ ఇంట్లో చెయ్యడానికి పనేం లేదు. వాణ్ణి మోపెడ్ మీద బడి నుంచి తీసుకొచ్చేది మేనమామ ఉలో గారు. పొట్టి పంట్లాం, చారల మేజోళ్లు, వానకోటు, నోట్లో పైపు, ముందుకు వాలి నడిచే నడక. పాతపేటలో ఓ మిద్దె పైభాగంలో ఉంటాడు. ఉద్యోగం లేదు, పెళ్లి లేదు, మాట కూడా దాదాపు లేదు. ఆయన కిటికీ రెక్క ఒక వాటాన తిప్పితే ఎండ వెలుగు ఎదురింటి పిట్ట పంజరం మీద పడి ఆ పిట్ట పాడుతుంది. అది తెలుసుకుని, పొద్దున్నే రెక్కని అటు తిప్పి ఇటు తిప్పి, పాట వచ్చే చోట ఆపి మరీ బయల్దేరతాడు. ఆయన ఉద్యోగం అదీ అనుకోవచ్చు.

ఇక చేప. ఆర్పెల్ వారి తోటలో నడిబొడ్డున, తోక మీద నిలబడి నోరు ఆకాశానికి తెరిచిన లోహపు చేప ఒకటుంటుంది. అది ఫౌంటెన్. రోజంతా ఎండిపోయి ఉంటుంది. గేటు దగ్గర బజరు మోగగానే ఆర్పెల్ గారి భార్య మడమల జోళ్లు టకటకలాడించుకుంటూ వెళ్లి మీట నొక్కుతుంది. చేప కడుపులో గుడగుడ, ఆపైన నోట్లోంచి నీళ్లు. అప్పుడు గేటు తెరుచుకుంటుంది. వచ్చింది గొప్పవాళ్లయితే చేప అలా చిమ్ముతూనే ఉంటుంది. సరుకులు తెచ్చిన కుర్రాడో, తన తోడబుట్టినవాడో అయితే మీట ఇటు తిరుగుతుంది. చిమ్ముతున్న ధార నడుం విరిగినట్టు కూలి, నాలుగు చుక్కలై, ఆగిపోతుంది. ఆ ఆగిపోయే చప్పుడుకే హాల్లో ఎక్కువ నవ్వొచ్చింది. నాకు మాత్రం నవ్వుతో పాటు ఎక్కడో కలుక్కుమంది, ఎందుకంటే ఆ చేప మా ఇంట్లో ఉండేది.

మా చేప నాలుగడుగుల ట్యూబులైటు. నాన్న రైల్వేలో గుమాస్తా. ముందుగదిలో రోజువారీకి నలభై క్యాండిల్ బల్బు, వచ్చేవాళ్ల కోసం ట్యూబులైటు. గేటు గడియ చప్పుడైతే చాలు, అమ్మ చేతిలో పని వదిలేసి వచ్చి స్విచ్చి వేసేది. ఆ రోజుల్లో ట్యూబులైటు వెయ్యగానే వెలిగేదా? చోకు గుయ్యిమనాలి, స్టార్టరు టిక్కు టిక్కుమనాలి, రెండు కొసలూ ఎర్రబడాలి, మూడుసార్లు కళ్లార్పినట్టు కొట్టుకోవాలి. ఆ నాలుగైదు క్షణాలే అమ్మకి వ్యవధి. తెర పక్కకి జరిపి చూసేది. నాన్న ఆఫీసు వాళ్లో, బాబాయి అత్తారింటి వాళ్లో అయితే లైటు వెలిగేది, అలమార్లోంచి పువ్వుల పింగాణీ కప్పులు దిగేవి, నన్ను చొక్కా మార్చుకోమని సైగ వచ్చేది. మావయ్య అయితే, "నువ్వట్రా!" అని టక్కున ఆర్పేసేది. వెలగబోయిన లైటు వెలగకుండానే పోయేది.

కొన్నాళ్లకి మావయ్య ముందుగేటు మానేశాడు. పక్క సందులోంచి తిరిగి, బట్టలుతికే రాయి దాటి, దొడ్డిగుమ్మం దగ్గర చెప్పులు విడిచేవాడు. పత్రికల్లో 'దొడ్డిదారి' అంటే ఉద్యోగమో పదవో కాజేసిన దారి. మా ఇంట్లో అది మావయ్య దారి. వంటింట్లో రుబ్బురోలు పక్కన పీట వాల్చుకుని కూర్చుంటే స్టీలు గ్లాసులో కాఫీ. ముందుగదిలో కప్పూ సాసరుతో కూర్చున్నవాళ్లకి మా అమ్మ ఎప్పుడూ "అంతా బావుందండీ" తప్ప ఇంకోటి చెప్పి ఎరగదు. పీట మీద కూర్చున్నవాడికి మాత్రం ఇంటద్దె ఎన్ని నెలలు ఆగిందో, నాన్న ఎవరికి హామీసంతకం పెట్టి ఇరుక్కున్నాడో అన్నీ చెప్పేది. చెబుతూ చెబుతూ కూర తరిగే చెయ్యి ఆపి కళ్లు తుడుచుకునేది. ఉల్లిపాయలు అనేది నాతో. బెండకాయలు తరుగుతున్నప్పుడు కూడా.

అందుకని ఆ సినిమాలో ఫౌంటెన్ ఆగిపోయినప్పుడల్లా అవమానం ఒక్కటే చూసే విమర్శకులతో నాకు పేచీ. ఇంటికి ఎవరొస్తే మనం ఏ లైటూ వెయ్యనక్కర్లేదో వాళ్ల లెక్క వేరు. ఇబ్బందల్లా ఏమిటంటే, బయట నిలబడ్డవాడికి ఆ లైటు ఆరడం ఒక్కటే కనబడుతుంది. అది చనువో చులకనో చెప్పే గుర్తు దాని మీద ఏమీ ఉండదు.

తాతి హాస్యమంతా ఇక్కడే ఉంది. ఫ్రెంచివాళ్లకి ఒకరినొకరుగా, ఒకదాన్నింకోటిగా పొరబడే తమాషాకి ఓ ప్రత్యేకమైన మాటే ఉంది, 'కిప్రోకో' అని. లాటిన్‌లో 'ఒకదాని బదులు ఇంకోటి' అన్న అర్థంలోంచి వచ్చింది. దాని మీద వాళ్లు నాటకశాలలే కట్టుకున్నారు. లబీష్ 1851లో రాసిన ఇటలీ గడ్డిటోపీ నాటకం చూడండి. పెళ్లికొడుకు గుర్రం ఎవరావిడదో టోపీ తినేస్తుంది, అలాంటి టోపీ కోసం పెళ్లికొడుకు ఊరంతా పరుగు, వెనకాల పెళ్లివారంతా పరుగు. రెనే క్లేర్ దాన్ని మూకీగా కూడా తీశాడు. ఆ తర్వాత ఫేదో వచ్చి తలుపులు పెంచాడు. ఈ తలుపులోంచి మొగుడు దూరితే ఆ తలుపులోంచి ఇంకోడు జారుకోవాలి. మనకీ తెలిసిన సరుకే. 1955లో 'మిస్సమ్మ' చూసిన జనం మొగుడూ పెళ్లాలు కానివాళ్లని మొగుడూ పెళ్లాలనుకునే చిక్కు మీదే అంతసేపూ నవ్వారు.

ఆ నాటకాల్లో ఓ భరోసా ఉంటుంది. చివరి అంకంలో చిక్కు విడిపోతుంది. అసలు మొగుడెవరో తేలుతుంది, టోపీ దొరుకుతుంది, అందరూ నిట్టూర్చి భోజనానికి లేస్తారు. తాతి దగ్గర చిక్కు విడదు. చాలాసార్లు చిక్కు పడిందని కూడా ఎవరికీ తెలియదు. పక్కింటావిడ ఏదో విచిత్రమైన చారల వస్త్రం కప్పుకుని గేటు దగ్గరికొస్తుంది. ఆర్పెల్ గారు ఆవిణ్ణి తివాచీలు అమ్ముకునే మనిషనుకుని, మాకేం అక్కర్లేదు పొమ్మంటాడు. సంగతేమిటంటే ఉలోకి సంబంధంగా భార్య మనసులో అనుకుంటున్న మనిషి ఆవిడే. ఇంకోచోట ఉలో ఓ కంపెనీకి ఉద్యోగం కోసం వెళతాడు. జోడుకి ఎక్కడో తెల్లటి రంగు అంటుకుంటుంది. తుడుచుకుందామని కాలెత్తి బల్ల మీద పెడతాడు. నేల మీద నుంచి బల్ల మీదికి, బల్ల మీద నుంచి గోడవైపుకి అడుగుల గుర్తులు. అద్దాల గోడకి అవతల ఓ ఆడమనిషి. లోపలికొచ్చిన అధికారి ఆ అడుగులు చూసి, ఈయన బల్లెక్కి తొంగిచూశాడని తీర్మానించేస్తాడు. ఉలోకి సంజాయిషీ చెప్పుకునే అవకాశం లేదు సరే, తన మీద ఏ నేరం పడిందో కూడా తెలియదు. టోపీ పెట్టుకుని వెళ్లిపోతాడు. మన ఉద్యోగాల్లోనూ, చుట్టరికాల్లోనూ ఎన్ని తలుపులు ఇలా మూసుకున్నాయో! ఏ బల్ల మీద మన అడుగు పడిందో ఇప్పటికీ తెలియదు.

తాతి ఇదంతా దగ్గర్నుంచి చూపించడు. మొహాల దగ్గరికి కెమెరా వెళ్లదు. గదిని, తోటని, వీధిని మొత్తం ఒక పటంలో పెట్టి దూరంగా నిలబెడతాడు, నవ్వు ఎక్కడుందో వెతుక్కోవడం మన పని. ఇది వాళ్లింటి వృత్తి నుంచి వచ్చిందని నా ఊహ. తాతి పుట్టింది 1907లో, పారిస్ దగ్గర లె పెక్‌లో. ఇంటిపేరు తాతిషెఫ్, రష్యన్ రక్తం. కుటుంబానిది పటాలకి ఫ్రేములు కట్టే వ్యాపారం, కుర్రతనంలో తనూ ఆ పనిలో కూర్చున్నాడు. తర్వాత నాటకశాలల్లో మూకాభినయం. టెన్నిస్ ఆటగాణ్ణీ, గోల్‌కీపర్నీ, గుర్రాన్నీ రౌతునీ ఒక్కడే ఆడి చూపించేవాడు. ఫ్రేము కట్టేవాడికి బొమ్మ కన్నా అంచు ముఖ్యం. ఆర్పెల్ వారి మేడకి గుండ్రటి కిటికీలు రెండుంటాయి. ఓ రాత్రి తోటలో చప్పుడైతే మొగుడూ పెళ్లాం చెరో కిటికీలోంచి తొంగిచూస్తారు. చీకట్లో వెలిగే ఆ రెండు గుండ్రాల్లో రెండు తలలు నల్లగుడ్లలా అటూ ఇటూ తిరుగుతాయి. ఇల్లే లేచి కళ్లు తిప్పుతున్నట్టుంటుంది. తోటలో ఆ వేళ చప్పుడు చేస్తున్నది ఉలో. విరిగిన కొమ్మ తెల్లారి ఎవరి కంటా పడకూడదని, చెట్టుని రెండు పక్కలా సమంగా కత్తిరించడానికి దొంగలా వచ్చాడు. చేసిన తప్పు తెల్లారేలోపు సర్దెయ్యాలన్న ఆ ఆత్రం ఎవరిదో మేనల్లుళ్లకి వేరే చెప్పాలా?

ఆ మేడ నిజం మేడ కాదు. జాక్ లగ్రాంజ్ అనే చిత్రకారుడి ఊహ, నీస్‌లోని విక్టోరిన్ స్టూడియోలో వేసిన సెట్టు. షూటింగు కాగానే పీకేశారు. తమాషా ఏమిటంటే వెక్కిరించడానికి కట్టిన ఆ ఇల్లు నిజం ఇళ్లకన్నా ఎక్కువకాలం బతికింది. 2014లో వెనిస్ వాస్తుకళా ప్రదర్శనలో ఫ్రాన్సు మంటపం వాళ్లు దాని నమూనా పెట్టుకున్నారు. ఉలో ఉండే పాతపేటని పారిస్ శివార్లలోని సాన్-మోర్‌లో తీశారు. ఆ వీధి ఊడ్చే మనిషి సినిమా మొత్తం మీద ఊడ్చిన పాపాన పోడు. చీపురు ఎత్తగానే ఎవరో పలకరిస్తారు.

పాతపేటని తాతి మరీ ముద్దుచేశాడని ఆనాటి నుంచీ ఓ విమర్శ ఉంది. నిజమే, చేశాడు. 1954 జనగణన నాటికి ఫ్రాన్సులో దాదాపు పదిళ్లలో నాలుగిళ్లకి కుళాయి లేదు. స్నానానికి వేరే గది ఉన్నది పదింట ఒక్క ఇంటికే. ఆ ఏడాది చలికాలంలో ఇళ్లులేని జనం వీధుల్లో చచ్చిపోతున్నారని ఆబె పియెర్ అనే పాదిరీ రేడియోలో మొరపెట్టుకుంటే దేశం కదిలింది. అలాంటిచోట కుళాయి తిప్పితే నీళ్లొచ్చే వంటిల్లుని ఎవరైనా వెక్కిరిస్తారా? ఉలో మిద్దెలో మెట్లెక్కుతుంటే ఒక కిటికీలో తలా, ఇంకో కిటికీలో కాళ్లూ కనబడి నవ్వొస్తుంది గానీ, ఆ మెట్ల మీదుగా ఎవరో ఒకరు రోజూ నీళ్లు మోసుకెళ్లి ఉంటారు. మా బెజవాడ ఇంట్లో మునిసిపల్ పంపు తెల్లవారుజామున నాలుగింటికి గంటసేపు వచ్చేది. ఇత్తడి బిందె కింద పెట్టి కూర్చునే ఉద్యోగం నాదే. పాతకాలం మీద ప్రేమ పొంగినప్పుడల్లా నేను ఆ బిందెని గుర్తుచేసుకుంటాను, వెంటనే తగ్గుతుంది.

కానీ తాతి ఆర్పెల్ దంపతుల్ని దుర్మార్గులుగా చూపించలేదు. అది చాలామంది గమనించరు. ఇంటావిడ, భర్త బయల్దేరేముందు తోలుసంచీని గుడ్డపెట్టి తుడుస్తుంది, కారు తుడుస్తుంది, వదిలితే మొగుణ్ణి కూడా తుడుస్తుంది. అది ప్రేమే. తోడబుట్టినవాడికి ఉద్యోగం లేదే అని బెంగ, పెళ్లి కాలేదే అని బెంగ. పక్కింటావిడతో కుదర్చాలని తోటలో విందు పెట్టేది అందుకే. ఆ విందు పాడైపోయిన తీరు చూడాలి. ఉలో పచ్చిక కింద పోయే గొట్టానికి పొరపాట్న చిల్లు పెడతాడు. తోటలో అక్కర్లేని చోటల్లా నీళ్లు లేస్తాయి. కోట్లూ టోపీలూ వేసుకున్న పెద్దమనుషులు బల్లలూ కుర్చీలూ గ్లాసులూ ఎత్తుకుని ఓ మూల నుంచి ఇంకో మూలకి వలస పోతూ, మర్యాదగా కబుర్లు మాత్రం ఆపకుండా చెప్పుకుంటారు. పిలిచినవాళ్ల కోసం విప్పిన నీళ్లు పిలవనిచోట తేలాయి, అంతే. అదే తోటలో, రాయి రాయి మీద అడుగేసి నడిచే బాట వంకరగా ఉంటుంది. ఇంటావిడా, అతిథీ ఒకరినొకరు కావలించుకోవడానికి చేతులు చాచి ఎదురెదురుగా బయల్దేరతారు. బాట మెలిక తిరిగినచోట చేతులు అలాగే చాచి ఎవరికి వారు వేరే దిక్కుకి తిరిగి పోతారు. గడ్డి తొక్కితే రెండంగలే. తొక్కరు.

వాళ్ల పెళ్లిరోజున ఇంటికి కొత్త కారూ, దానంతటది తెరుచుకునే గ్యారేజీ తలుపూ వస్తాయి. పెంపుడు కుక్క వెలుగుకిరణానికి అడ్డొచ్చి తలుపు మూసుకుంటుంది, మొగుడూ పెళ్లాం లోపల చిక్కుపడతారు. మీట నొక్కమంటే పనిమనిషికి కరెంటంటే భయం. తలుపుకున్న గుండ్రటి అద్దాల్లోంచి ఇద్దరూ బతిమాలుతుంటారు. ఎన్నిసార్లు చూసినా నాకు అక్కడ వాళ్ల మీద జాలేస్తుంది. పెళ్లయిన ఇన్నేళ్లకి వాళ్లిద్దరూ అంత దగ్గరగా, ఏ పనీ లేకుండా, నిలబడింది ఆ ఒక్కసారే అయి ఉంటుంది.

ఈ సినిమాకి 1958లో కాన్ ఉత్సవంలో జ్యూరీ ప్రత్యేక బహుమతి వచ్చింది, మరుసటేడు ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కారు. తాతి అమెరికా వెళ్లినప్పుడు అక్కడి పెద్దల మధ్య ఫొటోలు దిగి ఊరుకోలేదు. మూకీల కాలం నాటి ముసలి హాస్యగాళ్లని కలవాలన్నాడు. మాక్ సెనెట్, బస్టర్ కీటన్, స్టాన్ లారెల్. పరిశ్రమ ఎప్పుడో ఫౌంటెన్ ఆపేసిన మనుషులు వాళ్లు. 'మోన్ ఓంక్ల్' వచ్చిన తొమ్మిదేళ్లకి 'ప్లేటైమ్' అని ఊరంత సెట్టు వేసి, ఉన్నదంతా దానిలో పోసి, అప్పులపాలయ్యాడు. పరిశ్రమ ఆయనకీ ఆపేసింది.

ముగింపు గురించి చెప్పకుండా ఉండలేను. పాతపేటలో పిల్లల ఆట ఒకటుంటుంది. ఎవరైనా దీపస్తంభానికి దగ్గరగా నడుస్తుంటే దాక్కుని ఈల వెయ్యాలి. ఆయన ఎవరా అని తల తిప్పి, నడక ఆపకుండా వెళ్లి స్తంభానికి కొట్టుకోవాలి. జెరార్‌కి ఈ విద్య అబ్బింది మేనమామ వెంట ఆ పేటలో తిరిగినప్పుడు. చివర్లో ఆర్పెల్ గారు బావమరిదిని దూరపు ఊరికి ఉద్యోగమని చెప్పి సాగనంపుతాడు. విమానాశ్రయంలో గుంపులో కలిసిపోతున్న ఉలోని పిలవడానికి ఈల వేస్తాడు. దారినపోయే పరాయివాడు తల తిప్పి ఠపీమని స్తంభానికి కొట్టుకుంటాడు. తండ్రి ఒక్క క్షణం తెల్లబోయి, కొడుకుతో పాటు చప్పున దాక్కుంటాడు. సినిమా మొత్తం మీద మొదటిసారి ఆ పిల్లాడు నాన్న చెయ్యి పట్టుకుంటాడు. చూస్తే కడుపు నిండుతుంది. కానీ మేనమామ ఊళ్లోంచి వెళ్లిపోతే గానీ నాన్న చెయ్యి ఖాళీ కాలేదు. ఉలోకి ఇదేమీ తెలియదు. ఆయన్ని పిలవడానికి వేసిన ఈల ఇంకొకడికి తగిలింది.

నాకూ ఒక ఆర్పెల్ సాయంత్రం రాసిపెట్టి ఉంది. కూకట్‌పల్లిలో ఫ్లాటు కొనుక్కున్న ఏడాది, మే నెల. నేను బ్యాంకులో ఆఫీసరుని, ఆ సాయంత్రం మా మేనేజరు గారు భార్యతో సహా భోజనానికి వస్తున్నారు. ప్రమోషన్ల కాలం. కొత్త కర్టెన్లు, పక్క ఫ్లాటు వాళ్లని అడిగి తెచ్చిన గాజు గ్లాసులు, పడేసే అలవాటున్న రెండు కుర్చీలు పడగ్గదిలో బందీ. కింద దుకాణంలో కూల్‌డ్రింకులూ ఐసూ చెప్పి, నేను పూలకని వెళ్లాను. మా ఆవిడ మావయ్యని చూసింది పెళ్లిలో ఒక్కసారే. అప్పుడాయన పట్టుపంచెలో ఉన్నాడు.

నూజివీడు దగ్గర మా ఊరి నుంచి బస్సెక్కి, ముందు మాటైనా చెప్పకుండా, తలకి తువ్వాలు చుట్టి, భుజాన బుట్టతో నాలుగంతస్తులెక్కి ఆయన బెల్లు కొట్టాడు. మా ఆవిడ గ్రిల్లు సందులోంచి చూసి, "సరుకు అక్కడ పెట్టేసి వెళ్లండి. డబ్బులు రాత్రికి మావారు కిందిచ్చేస్తారండీ" అని తలుపేసింది.

నేను తిరిగొచ్చేసరికి గుమ్మం పక్కన బుట్ట. పైన వరిగడ్డి, మీద గోనెముక్క, దానికి కొబ్బరితాడు. ఆ ముడి చూశాను. ఒక కొస లాగితే మొత్తం విడిపోయే ముడి, లాగడం తెలియకపోతే కత్తి పెట్టి కోసుకోవాల్సిందే. ఆ ముడి నాకు నేర్పిందాయనే, గాలిపటం దారంతో, మా దొడ్డిగుమ్మం దగ్గర. గోనె కింద చిన్నరసాలు. నాకు గుండె గొంతులోకొచ్చింది. పూలు అక్కడే పడేసి మెట్లన్నీ ఒక్క పరుగున దిగాను.

వాచ్‌మన్ గది ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. వాచ్‌మన్‌ది ఏ ఊరో, పిల్లలెంతమందో, పెద్దదానికి సంబంధాలు చూస్తున్నారో లేదో అన్నీ అప్పటికే తేలిపోయాయి. వాచ్‌మన్ చేతిలో ఓ రసం, మోచేతి దాకా కారుతోంది. బయట మేనేజరు గారి కారు వచ్చి ఆగే వేళ. నాకు మాట రాలేదు. "మావయ్యా" అన్నాను.

"ఏరా అల్లుడూ! మీ ఇంట్లో ఎవరో అమ్మాయి, ఎంత మర్యాదస్తురాలురా! 'అండీ' అంది నన్ను" అన్నాడు. లేచి, తువ్వాలు దులుపుకుని, ఐదంతస్తుల భవనాన్ని కింద నుంచి పైదాకా ఓసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు:

"ఇంతకీ దీనికి దొడ్డిగుమ్మం ఎటువైపురా?"